రుచి అర్రలో తోక పండు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు మొన్న వరంగల్ సుబేదారిలో మా ఇంటికి వచ్చారు. ఊళ్ల మీద తిరుగుతూ తోటల రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగం. నేను ముప్పై ఏళ్లకు పైగా చేసి దిగిపోయింది అదే. సంచిలో ఏమేమి పెట్టుకొని పోవాలి సార్ అని అడిగారు. పదునైన చాకు, భూతద్దం, పాత గుడ్డ, మంచినీళ్ల సీసా, తడిసినా ఫరవాలేని నోటు పుస్తకం అని చెప్పాను. బుద్ధిగా రాసుకొని, చాయ తాగి పోయారు. వాళ్లు గేటు దాటాక అసలు సంగతి చెప్పనేలేదని గుర్తుకొచ్చింది. అది సంచిలో పట్టేది కాదు కాబట్టి అప్పుడు తోచలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు ఏ గ్రేడు ఎప్పుడొచ్చింది, ఎక్కడి నుంచి ఎక్కడికి బదిలీ అయింది, ఎవరి మీద ఎవరు అర్జీ పెట్టారు అన్నవి ఇందులో ఉండవు. అవి చదివితే నాకే నిద్రొస్తుంది. ఒక్క ద్రాక్షతోట గురించి రాస్తాను. ఆ తోటలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు.

ఆయన ఎత్తు పందిరి

వరంగల్ పక్కన ద్రాక్ష ఏమిటని మీరు అనుకోవచ్చు. డెబ్భైలలో ద్రాక్ష అంటే హైదరాబాదు చుట్టుపక్కల తోటలే. మా వైపు మెట్ట చెల్కల్లో మిరప, పత్తి, పల్లి వేసేవాళ్లు. నీళ్లున్న చోట వరి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టె ఒక దారి అన్నట్టు మడికొండ అవతల రెండెకరాల్లో ఒక్క కుటుంబం ద్రాక్ష పెట్టింది. ఆ ఇంటి పెద్దాయన వయసులో ఉండగా పట్నం పోయి ఒక ద్రాక్షతోటలో కూలి చేశాడట. తిరిగొచ్చేటప్పుడు తడి గోనెలో చుట్టి కొమ్మలు తెచ్చుకున్నాడు. గుట్ట రాయి కొట్టించి, నిలువు స్తంభాలు పాతించి, ఇనుప తీగలు లాగి పందిరి వేశాడు. నేను ఆ ఊరికి పోవడం మొదలుపెట్టేనాటికి ఆయన లేడు. భార్య బుచ్చమ్మ, కొడుకు కొమురయ్య, కోడలు సరోజన తోట చూసుకుంటున్నారు.

పెద్దాయన పొట్టివాడు. పందిరి తన చేతికి అందే ఎత్తులో కట్టుకున్నాడు. కొమురయ్యది తల్లి పోలిక, పొడగరి. నేనూ పొడగరినే. ఆ పందిరి కింద మేమిద్దరం నడుము వంచి నడవాల్సిందే. మొదటి రోజే నా నెత్తి తీగకు తగిలి టోపీ కింద పడింది. రాళ్లు పీకి కొత్తగా ఎత్తులో పాతుకోండి, గాలి ఆడుతుంది, బూజు తెగులు తగ్గుతుంది అని అక్కడికక్కడే సలహా ఇచ్చాను. పుస్తకం ప్రకారం అది మంచి సలహానే.

బుచ్చమ్మ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "ఆయన ఎత్తుకు కట్టిండు సారూ. నువ్వే జర వంగు" అన్నది.

ఆ తరువాత పదిహేనేళ్లు ఆ తోటలో వంగే నడిచాను. ఇప్పుడు నా మెడకు పట్టీ కట్టిన డాక్టరుకు ఈ సంగతి తెలియదు.

కొమురయ్య మొదటి ఏడాదే తన కష్టం దాచకుండా చెప్పాడు. హైదరాబాదు మార్కెట్టుకు పంపాలంటే లారీ నిండాలి, రెండెకరాల పంటకు లారీ నిండదు. ఊరి సంతలో అమ్మితే అంత పండు పోదు. ఉన్నదల్లా ఒక్కటే దారి. వరంగల్ బజారులో పండ్ల దుకాణం ఉన్న వీరేశం ఏటా తోట మొత్తం తీసుకుంటాడు. శివరాత్రికి ఉపవాసం ఉండేవాళ్ల కోసం ఆయన దుకాణంలో ద్రాక్ష బుట్టలు వరసగా పెడతాడు. ఆయన వచ్చినన్నాళ్లు తోట ఉంటుంది. రాని ఏడు రాళ్లు పీకి పత్తి పెట్టడమే. తల్లికి ఇష్టం లేకపోయినా తప్పదు అని కొమురయ్య అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

నోరు కడుక్కొని రావాలి

తోట మూలన మోటారు గదిని ఆనుకొని మట్టి గోడల చిన్న గది ఒకటి ఉండేది. వాళ్లు దాన్ని రుచి అర్ర అనేవాళ్లు. మా వైపు గదిని అర్ర అంటారు. అందులో ఒక నులక మంచం, రెండు పీటలు, నీళ్ల బిందె, గోడ మేకుకు పెద్దాయన కొమ్మలు కత్తిరించిన కత్తెర. పండు కొనడానికి ఎవరొచ్చినా ముందు ఆ గదిలోకి రావాలి.

రావడానికి ఒక పద్ధతి ఉంది. గడప బయట చెంబుతో నీళ్లు పోసేది బుచ్చమ్మ. నోరు కడుక్కోవాలి. పాను ఉంటే ఉమ్మెయ్యాలి. లోపల కూర్చున్నాక ఎండు జొన్నరొట్టె ముక్క ఒకటి నమలాలి. చాయ, జర్దా, పొద్దున తిన్న తొక్కు, అన్నిటి వాసనా ఆ రొట్టెతో పోతుందని ఆమె లెక్క. అప్పుడు ఎండ ముదరకముందు తాను కోసి తెచ్చిన గుత్తి తీసేది. ద్రాక్షగుత్తిలో పైన భుజాల దగ్గర ఉన్న పండ్లు ముందు తీపెక్కుతాయి. కింద కొసన ఉన్నవి అన్నిటికన్నా ఆలస్యం. ఆ కొస పండును ఆమె తోక పండు అనేది. తోక పండు తియ్యగా ఉంటే గుత్తి మొత్తం తియ్యగా ఉన్నట్టే. మొదటి తోక పండు తాను తిని, కళ్లు మూసుకొని కాసేపు కూర్చునేది. కోయవచ్చు అనుకుంటేనే తరువాతి పండ్లు వచ్చినవాళ్ల చేతిలో పెట్టేది. ఆమెకన్నా ముందు ఎవరూ తినరు. ఆ గదిలో రేటు మాట ఎత్తకూడదు. కొనకపోయినా సరే, తిని పోవచ్చు.

ఒకసారి మా పెద్ద సారు జీపులో తోట చూడటానికి వచ్చాడు. బుగ్గన పాను. జిల్లాలో ఆయన బుగ్గన పాను లేకుండా చూసినవాళ్లు లేరు. బుచ్చమ్మ గడప దగ్గర చెంబు పట్టుకొని నిలబడింది. నేనూ డ్రైవరూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన ఆమెను చూసి, చెంబును చూసి, పక్కకు పోయి ఉమ్మి, రెండుసార్లు పుక్కిలించి వచ్చాడు. రొట్టె ముక్క నమిలి, పండు తిని, చాలా బాగుందమ్మా అని దండం పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో నాతో అన్నాడు. రైతు ఇంట్లోకి వాళ్ల పద్ధతి ప్రకారమే పోవాలి, పోయాక మాత్రం నీకు తెలిసింది దాచుకోకూడదు అని. నా పై అధికారుల్లో సంతకాలకు తప్ప నోరు తెరవనివాళ్లను చూశాను, నోరు మూయనివాళ్లనూ చూశాను. పనికొచ్చే మాట చెప్పింది ఈయన ఒక్కడే. అందులో మొదటి సగమే నాకు తలకెక్కింది.

దుర్బిన్

డెబ్భైలు ముగిసే రోజుల్లో మా ఆఫీసుకు ఒక పరికరం వచ్చింది. జానెడు గొట్టం, ఒక చివర గాజు పలక. పలక మీద పండు రసం ఒక చుక్క వేసి, వెలుతురు వైపు తిప్పి కన్ను పెట్టి చూస్తే, రసంలో తీపి ఎంత ఉందో గీతల మీద కనిపిస్తుంది. ఆఫీసు మొత్తానికి ఒక్కటే. దాన్ని జేబులో వేసుకొని తిరుగుతుంటే తుపాకీ పెట్టుకున్నంత ధీమాగా ఉండేది. బుచ్చమ్మ దాన్ని దుర్బిన్ అనేది.

ఆ ఏడు శివరాత్రి ముందుగా వచ్చింది. పండుగ ఒక ఏడు ముందుకు జరుగుతుంది, ఒక ఏడు వెనక్కు. ద్రాక్షకు పంచాంగం తెలియదు కదా. వీరేశానికి పండుగకు పండు కావాలి. కొమురయ్యకు వీరేశం కావాలి. బుచ్చమ్మ తోక పండు తిని ఇంకో పది రోజులు ఆగాలన్నది. నేను వచ్చి నాలుగు గుత్తులు చూసి, చేతికి సులువుగా అందిన పండ్లు తెంపి రసం తీశాను. అంత పొట్టి పందిరి కింద తీగకు తల ఆనించి నిలబడే నాలాంటి పొడగరికి ముఖానికి ఎదురుగా ఉండేవి గుత్తి భుజాల దగ్గరి పండ్లే. గీత పదహారు దాటింది. కోసుకోవచ్చు అని చెప్పాను. గొర్రె కసాయివాడినే నమ్మినట్టు కొమురయ్య నన్ను నమ్మాడు. బుచ్చమ్మ కత్తెర మేకుకు తగిలించి ఇంటికి పోయింది.

సగం తోట కోశారు. కొసలన్నీ పులుపు. రోజంతా ఉపవాసం ఉన్నవాళ్లు తెల్లారి ఆ పండు నోట్లో వేసుకొని వీరేశాన్ని ఏమని దీవించారో నేను రాయలేను. మిగిలిన బుట్టలు తిరిగొచ్చాయి.

నేను తోటకు పోయేసరికి రుచి అర్రలో అడుగు పెట్టడానికి చోటు లేదు. నేల నిండా వరిగడ్డి, గడ్డి నిండా ద్రాక్షగుత్తులు, వాటి మీద మళ్లీ గడ్డి, పైన గోనె పట్టాలు. మామిడి కాయలు మాగబెట్టినట్టు కొమురయ్య ద్రాక్షను మాగబెట్టాడు. నాలుగు రోజుల్లో తియ్యబడతాయని ఆశ. తీగ నుంచి తెంపాక ద్రాక్ష ఇంక తియ్యబడదు, ఎంత పులుపుతో తెంపితే అంత పులుపుతోనే ముడతలు పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్లకు చెప్పాలన్న సంగతే నాకు తట్టలేదు. ఇన్నేళ్లుగా తోక పండు తిన్నాకే కోసేవాళ్లు కాబట్టి, పచ్చిది కోస్తే ఏమవుతుందో వాళ్లు ఎన్నడూ చూడలేదు. అందని ద్రాక్ష పుల్లన అన్నవాడిని ఆ రోజు నా ముందుకు తెస్తే, అందిన ద్రాక్ష తినిపించి పంపేవాడిని.

గడ్డి తీసి ఆ వాడిన గుత్తులను గంపల్లో ఎత్తుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. వాళ్లు నా మీద అరిచినా బాగుండేది. బుచ్చమ్మ నా ముందు ఒక గుత్తి పట్టుకొని, నా దుర్బిన్ తీసుకొని, దాన్ని గుత్తి కొసకు ఆనించింది.

"గిక్కడ చూడాలె సారూ, నీ దుర్బిన్‌తోని. గక్కడ గాదు" అన్నది.

అంతే. మిగిలిన సగం తోటను ఆమె చెప్పిన రోజున కోశారు. ఆ పండు తియ్యగా ఉండటం వల్లనే వీరేశం ఆ ఏడు నిలబడ్డాడు. తోట కూడా నిలబడింది.

నమ్మకం ముదిరితే

ఆ తరువాత నేను పూర్తిగా అటువైపు పడిపోయాను. దుర్బిన్ సంచి అడుగున చేరింది. వేరే ఊళ్లలో ద్రాక్ష పెట్టిన రైతులకు తోక పండు తిని చూడమని చెప్పేవాడిని. అనుమానం వస్తే గుత్తి తెచ్చి బుచ్చమ్మకు ఇచ్చేవాడిని. ఆఫీసులో కొత్తవాళ్ల ముందు ఆమె నాలుక గురించి కథలు కథలుగా చెప్పేవాడిని. ఆమె కూడా నన్ను సారూ అనడం మానేసి కొడుకా అనడం మొదలుపెట్టింది. వాళ్లింట్లో నాకంటూ ఒక పళ్లెం ఉండేది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. చదువుకున్నవాడికి రైతు దగ్గర ఒకసారి తల బొప్పి కడితే రెండు రకాలుగా మారతాడు. ఒకడు పగ పెట్టుకుంటాడు. ఇంకొకడు భక్తుడవుతాడు. భక్తుడైతే మంచిదే కదా అనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. భక్తుడు దేవుడికి దండం పెడతాడే తప్ప, దేవుడికి జ్వరం వచ్చిందా అని చూడడు.

ఎనభైలు సగం గడిచాక బుచ్చమ్మకు షుగరు వచ్చింది. దవాఖానలో తీపి ముట్టుకోవద్దన్నారు. తోక పండు నమిలి, రుచి చూసి ఉమ్మేసేది. బాగా చిక్కిపోయింది. అది షుగరు వల్లనో, గోలీల వల్లనో, వయసు వల్లనో నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం వాళ్లింట్లో అన్నం తింటున్నాను. ఆ రోజు పచ్చిపులుసు బుచ్చమ్మ చేసింది. నోట్లో పెట్టుకోగానే ఉప్పు నాలుక మీద మంటలాగా అంటింది. తల ఎత్తి చూశాను. కొమురయ్య తలొంచుకొని తింటున్నాడు. సరోజన తన గిన్నెలో చప్పుడు చేయకుండా నీళ్లు కలుపుకుంటోంది. బుచ్చమ్మ నోట్లో ముద్ద పెట్టుకొని, చప్పగా ఉందని ఇంకాస్త ఉప్పు చల్లుకుంది.

నేను కూడా తలొంచుకొని తిన్నాను. బాగుందవ్వా అన్నాను. ఆమె నాలుక పోయిందని కొడుకుకూ కోడలికీ తెలుసు, నాకూ తెలిసింది. ఎవరం ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు.

నలుగురం తిన్నాం

ఆ ఏడు శివరాత్రి మళ్లీ ముందుకు వచ్చింది. అంతకు ముందు రెండేళ్లు వరసగా బూజు తెగులు తగిలి పంట పలచబడింది. చుట్టూ అందరూ పత్తి పెట్టారు. ఈ ఏడు వీరేశం మంచిగా తీసుకుంటే సరి, లేకుంటే ఇంక నాతోని కాదు అని రుచి చూసే నాడు పొద్దున్నే కొమురయ్య నాతో అన్నాడు.

రుచి అర్రలో ఐదుగురం. మంచం మీద వీరేశం, పీట మీద నేను, గడప దగ్గర కొమురయ్య, బిందె పక్కన సరోజన, మధ్యలో గుత్తితో బుచ్చమ్మ. నోరు కడుక్కున్నాం, రొట్టె నమిలాం. బుచ్చమ్మ తోక పండు తెంపింది. తెంపి, తన నోట్లో వేసుకోకుండా నా అరచేతిలో పెట్టింది.

"తిని చెప్పు కొడుకా, ఎట్లున్నది?"

తిన్నాను. పళ్లు జివ్వుమన్నాయి. ఆ తోటలోకి వచ్చేటప్పుడే నాకు అనుమానం రావలసింది. పందిరి మీద ఒక్క రామచిలుక లేదు. పండు తీపెక్కిన తోటలో చిలకలు మనిషిని మాట్లాడనివ్వవు. సంచి నా కాళ్ల దగ్గరే ఉంది, దుర్బిన్ అందులోనే ఉంది. తీసి గాజు పలక తుడిచి ఒక చుక్క వేస్తే సరిపోయేది. కాని వీరేశం ముందు, ఆమె గదిలో, ఆమె నాలుక మీద ఆ గొట్టం పెట్టి చూడటం నాకు చేతకాలేదు. ఈ గదిలో ఆమె మాట మీద ఇంకో మాట నేనెట్లా అంటాను అనుకున్నాను. అది మర్యాద అనుకున్నాను. నిజానికి పిరికితనం.

"నాదేమున్నదవ్వా, నువ్వు చెప్పాలె" అన్నాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. తరువాత కొసన మిగిలిన పండ్లు అందరికీ పెట్టింది. వీరేశం తిని తల ఊపాడు. కొమురయ్య తిని బయటికి చూశాడు. సరోజన తిని బిందె మీద మూత సర్దింది. ఆఖరున బుచ్చమ్మ ఒకటి నమిలి, ఉమ్మేసి, కళ్లు మూసుకొని కూర్చుంది.

"తియ్యగున్నది. కోసుకోండ్రి" అన్నది.

కోశారు.

శివరాత్రి మరునాడు వీరేశం దుకాణానికి పోయాను. ముందు వరసలో అరటి గెలలు, ఖర్బూజాలు. ద్రాక్ష ఒక్క గుత్తి కనిపించలేదు. అంతా అమ్ముడుపోయిందా అని అడిగాను. ఆయన నన్ను లోపలికి తీసుకుపోయి స్టూలు వేశాడు.

"తోక పండు నేను గూడ తిన్న గద సారూ. ఉపాసమున్నోళ్లకు గవి అమ్ముతనా? బర్ల కొట్టాలకు పంపిన. ఈ ఒక్క యాడాది బుచ్చమ్మక్క ముఖం చూసి మింగిన. వచ్చే యాడాది నాతోని గాదు. గా ముచ్చట ఆమెకు నేను చెప్పలేను" అన్నాడు.

ఆ మాట కొమురయ్య దాకా అప్పటికే పోయింది. రాళ్లు పీకే మనుషులను మాట్లాడి పెట్టాడు. తోటకు పోతే దారిలో సరోజన ఎదురైంది. ఏడుస్తోంది. తనకు ఏడాది నుంచి తెలుసునట, కాని పెళ్లయి వచ్చిన కొత్తలో తోక పండు తినడం నేర్పినామెకే నీ నాలుక పోయిందని ఎట్లా చెప్తానని అడిగింది. నేను తోటలోకి నడిచాను.

బుచ్చమ్మ రుచి అర్రలో కూర్చొని కత్తెరకు నూనె రాస్తోంది. గడప బయట నోరు కడుక్కున్నాను. తినడానికి ఏమీ లేదు, అయినా కడుక్కున్నాను. పోయి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, ఆనాడు పండు పుల్లగుండె. నాకు ఎర్కనే. నేను చెప్పలే."

ఆమె కత్తెర తెరిచి, మూసి, గుడ్డతో తుడిచింది.

"నా నాలిక పోయి యాడాదైతాంది కొడుకా. ఉప్పు ఎర్క లేదు, పులుపు ఎర్క లేదు. నా నోరు గద, నాకెర్క గాదా?"

"మరి తియ్యగున్నదని ఎందుకన్నవవ్వా?"

"నువ్వు ఏమనకపోతివి. పుల్లగుంటే సారు చెప్తడు గదా అనుకున్న. సావుకారి తల ఊపె. ఇగ తియ్యగనే ఉన్నదనుకున్న." కత్తెర ఒళ్లో పెట్టుకుంది. "ఇన్నేండ్లల్ల తోక పండు నాకంటె ముందుగాల ఎవలకన్న పెట్టిన్నా? నీకెందుకు పెట్టిన్ననుకున్నవు? నలుగురుంటిరి. నలుగురికి నాలికెలున్నయి."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కొమురయ్యను పిలవమన్నది.

తన నాలుక పోయిందని ఆమెకు తెలుసనీ, తెలిసే పండు నా చేతిలో పెట్టిందనీ కొమురయ్యకు నేనే చెప్పాను. తప్పు చెట్టుది కాదు, నాది అన్నాను. ఒక్క ఏడాది ఆగమన్నాను. తరువాత వీరేశం దుకాణానికి మళ్లీ పోయి, బుచ్చమ్మకు అంతా తెలుసని చెప్పాను. ఆయన గల్లాపెట్టె మూసి నన్ను కూర్చోబెట్టాడు. ఒక్కసారి వస్తా, ఆ అర్రలో ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం అన్నాడు. రాళ్లు పీకే మనుషులను కొమురయ్య పంపించేశాడు.

మరుసటి ఏడు

శివరాత్రి ఇంకా ఎనిమిది రోజులుంది. అదే గది, అదే ఐదుగురం. గోడ మేకుకు కత్తెర, దాని పక్కన ఇంకో మేకు కొట్టి నా దుర్బిన్. దాంట్లో ఎట్లా చూడాలో ఆ సంవత్సరం సరోజనకు నేర్పాను. నాకన్నా నిదానంగా చూస్తుంది. బుచ్చమ్మ చెంబుతో అందరికీ నీళ్లు పోసింది. రొట్టె ముక్కలు పెట్టింది. తోక పండు తెంపి నా చేతిలో పెట్టింది.

"ఎట్లున్నది కొడుకా?"

"పుల్లగున్నదవ్వా."

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆమె వీరేశం చేతిలో ఒకటి పెట్టింది. "నాకు గూడ పుల్లగనే ఉన్నదక్కా" అన్నాడాయన. కొమురయ్య గడప దగ్గర నుంచే, "పులుపే అవ్వా" అన్నాడు. సరోజన దుర్బిన్ కిందికి దించి, ఇంకా పన్నెండు రోజులన్నా ఆగాలత్తా అన్నది.

నా సర్వీసులో వందల మంది రైతులను చూశాను. తన పండు పుల్లగా ఉందని నలుగురికి నలుగురూ చెప్తుంటే అంత సంతోషపడిన మనిషిని ఆ ఒక్కరినే చూశాను. ముఖమంతా వెలిగింది. సరే, ఆగుదాం అన్నది. వీరేశం లేచి చెప్పులు వేసుకుంటూ, పండుగకు అరటిపండ్లు అమ్ముకుంటా, పన్నెండో నాడు వస్తా అన్నాడు.

పన్నెండో నాడు వచ్చాడు. చిలకల అరుపులకు పందిరి కింద ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. నేను తిన్నాను, వీరేశం తిన్నాడు, కొమురయ్య, సరోజన తిన్నారు. తీపి గొంతు దాకా పోయింది. ఒక్కొక్కరం చెప్పాం. బుచ్చమ్మ మా నలుగురి ముఖాలు చూసింది. ఆఖరున ఒక తోక పండు తన నోట్లో వేసుకొని, కళ్లు మూసుకొని, చాలాసేపు నమిలింది. ఆ రోజు ఉమ్మెయ్యలేదు.

"తియ్యగున్నది" అన్నది.